గోనెసంచి కింది మిషను

దసరా నాడు పొద్దున్నే ఎల్లేష్ షాపులో పూజ జరిగింది. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద పోయేవాళ్లందరికీ ఆ వెల్డింగ్ షాపు తెలుసు. పాతికేళ్లుగా అక్కడ ఒకటే మిషను. ఇనుప తొట్టి నిండా నూనె, లోపల రాగి తీగ చుట్టలు. కింద చక్రాలున్నా దాన్ని గడప దాటించాలంటే నలుగురు మనుషులు చేతులు వేయాలి. ఎల్లేష్ భార్య త్రివేణి దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసింది. గ్రైండరుకు, డ్రిల్లుకు, సుత్తెలకు, చివరికి కొలిచే టేపుకు కూడా బొట్టు పెట్టింది. ఆ తరువాత మూలకు తిరిగింది. అక్కడ గోనెసంచి కప్పిన వస్తువొకటి మిగిలింది.

"దీనికి పెట్టొద్దా?" అంది.

"దేనికి?" అన్నాడు ఎల్లేష్, తెలియనట్టు.

"గీ సంచి కిందిదానికి."

"అది లెక్కకు రాదు తియ్."

"ఎందుకు రాదు? అది మిషను కాదా? కరెంటు తాగదా?"

"మెల్లగ మాట్లాడు, ఎవలన్న ఇంటరు. జల్ది కొబ్బరికాయ ఇటియ్యి."

త్రివేణి కొబ్బరికాయ ఇచ్చింది కానీ ఆమె చూపు సంచి మీదే ఉంది. పూజ చేసిన పనిముట్లను మరునాడు పొద్దున పూలు తీసేదాకా ముట్టుకోరు. అది వాళ్ల ఇంటి పద్ధతి. ఎల్లేష్ దాన్ని ఏ ఏడూ తప్పలేదు.

ఆ సంచి ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మత్తయి సంగతి చెప్పాలి. మత్తయి ఆరేళ్లు ఎల్లేష్ దగ్గరే పని నేర్చుకున్నాడు. తరువాత సొంతంగా బతుకుదామని ఒక చిన్న వెల్డింగ్ మిషను కొన్నాడు. అది భుజానికి తగిలించుకునేంతది, ఇంటి కరెంటుతోనే నడిచేది. స్కూటీ ముందర పెట్టుకుని ఊళ్లన్నీ తిరిగేవాడు. మొదటిసారి దాన్ని చాయ్ హోటల్ ముందు చూసినప్పుడు ఎల్లేష్ అందరూ వినేటట్టు అడిగాడు: "ఏం మత్తయీ, టిఫిన్ డబ్బా మంచిగున్నది. ఏం కూర తెచ్చుకున్నవ్?"

హోటలంతా నవ్వింది. మత్తయి కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి అతను ఎక్కడ కనబడినా ఎవరో ఒకరు కూర సంగతి అడిగేవారు. తన నోటి నుంచి వచ్చిన మాట ఊరంతా తిరుగుతుంటే ఎల్లేష్‌కు కొంచెం గొప్పగానే ఉండేది.

కానీ మన్నెగూడ వైపు ప్లాట్లలో రెండంతస్తులు, మూడంతస్తులు లేచాయి. బాల్కనీ గ్రిల్లు పైకి వెళ్లాకే అతకాలి. "నీ మిషను మెట్లెక్కుతదా అన్నా?" అని అడిగి, ఎక్కదని తెలిసి, వాళ్లు మత్తయికి ఫోను చేసేవారు. అట్లా ఏడాది చూశాక ఎల్లేష్ ఒకరోజు సిటీకి పోయి, తనను ఎవరూ గుర్తుపట్టని దుకాణంలో అలాంటిదే ఒకటి కొన్నాడు. బియ్యం సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. మీర్‌పేట్ కాలనీల్లో మూడుసార్లు వాడాడు. అక్కడ అది బాగానే పని చేసింది. సన్న పైపులు, కిటికీ కడ్డీలు చక్కగా అతికాయి. పెద్దదాని పక్కన చిన్నది కూడా ఉండాల్సిందేనని అతనికి అప్పుడే తెలిసిపోయింది. అయినా సొంత ఊళ్లో మాత్రం దాని మీది గోనెసంచి తీయలేదు. కూర సంగతి ఇప్పుడు తననే అడుగుతారు కదా!

మనిషి తను అన్న ఒక్క మాటకు భయపడి ఇంత దాక్కోవాలా? దేవుడు అడిగితే ఏమని చెబుతాడు? అప్పట్లో ఎల్లేష్ ఆ ఆలోచనను దగ్గరికి రానివ్వలేదు.

పూజ ప్రసాదం పంచుతుండగా ఎంకమ్మ వచ్చింది. చెరువులో చేపలు పట్టే గోపయ్య భార్య ఆమె. ఎల్లేష్ వాళ్లను పెద్దబాపు, పెద్దమ్మ అని పిలుస్తాడు. రక్తసంబంధం ఏమీ లేదు. షాపు పెట్టిన కొత్తలో ఎవరూ గుమ్మం తొక్కని రోజుల్లో, చేపల డబ్బా పెట్టుకునే మోపెడ్ స్టాండు విరిగిందని మొదటి పని తెచ్చింది గోపయ్యే. నెల రోజుల కింద ఆయన చెరువుకట్ట మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో రాడ్ వేశారు. ఇంట్లో నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు.

"బిడ్డా ఎల్లేషు, పండుగ పూట అడుగుతున్న, ఏమనుకోకు" అంది ఎంకమ్మ. "మీ పెద్దబాపు పొద్దుగాల సంది మొండికేసిండు. జమ్మికి కిందికి దిగుతడంట."

"కుర్సీల కూసోవెట్టి దింపరాదు పెద్దమ్మా?"

"గదే అంటే, నేనేమన్న పీనుగునా నలుగురు మొయ్యనీకె అంటుండు. పట్టుకునే కడ్డీ ఉంటే దిగొచ్చని డాక్టరు చెప్పిండట. ఐదు మెట్లే గద. ఒక పైపు అతికిస్తవా?"

ఎల్లేష్ దండ వేసిన పెద్ద మిషను వైపు చూశాడు. రేపు చేస్తానంటే ఆమె ఏమీ అనేది కాదు. కానీ ఆ వాడలో గోపయ్యే అందరికంటే పెద్ద. జమ్మి ఆకు పట్టుకుని అందరూ మొదట ఆయన కాళ్లకే మొక్కుతారు. ఆ ఒక్క పూట ఆయన తన కాళ్ల మీద నిలబడాలి. అదీగాక ఆయన అడగక అడిగిన పని.

అప్పుడే ఎల్లేష్ మనసులో ఒక దారి కనబడింది. బొట్టు పెట్టినవాటినే కదా ముట్టుకోకూడదు? బొట్టు పెట్టనిది ఒకటుంది కదా!

"జమ్మి యాల్లకు చేసి ఇస్త పెద్దమ్మా, పో" అన్నాడు.

ఆమె వెళ్లాక త్రివేణి అడిగింది: "పొద్దుగాల లెక్కకు రాదన్నవ్. ఇప్పుడెట్ల వచ్చింది?"

ఎల్లేష్ చిన్న మిషనును సంచితో సహా తన మోపెడ్ మీద పెట్టుకున్నాడు. వేరే పని కోసం కోసిపెట్టిన పైపులు తీసుకున్నాడు. గ్రైండరు తీసుకోలేదు, దానికి బొట్టుంది. సుత్తె కూడా తీసుకోలేదు, దానికీ బొట్టుంది.

ఆ ఇంటి మెట్లు కట్టినప్పుడే, ఎప్పటికైనా పనికొస్తాయని మేస్త్రీ అంచు పొడవునా మందపాటి ఇనుప పలకలు పాతిపెట్టాడు. వాటికి నడుమెత్తు పైపులు విడివిడిగా నిలబెట్టి అతికితే చాలు, ఒక్కోటీ పట్టుకుంటూ దిగొచ్చు. అయితే పలకల మీద ఏళ్ల తుప్పు. గ్రైండరుంటే మెరిసేదాకా గీకేవాడు. లేదు కాబట్టి గుడ్డతో తుడిచాడు. మిషను లాగే కరెంటుకు ఆగే గట్టి ప్లగ్గు వెనక వంటింట్లో మాత్రమే ఉంది. సంచిలో ఉన్న సన్న వైరును అక్కడి నుంచి ముందుకు లాగాడు. మిగిలిన వైరు చుట్టను విప్పకుండా అలాగే నేల మీద వదిలేశాడు. వాడ చివర అమ్మవారి మండపంలో ధగధగలాడే దీపాలు, మోగే మైకులు ఉన్న కరెంటంతా తాగేస్తున్నాయి.

అతుకు సరిగ్గా పడుతుంటే చప్పుడు నూనెలో బజ్జీలు వేగినట్టు వస్తుంది. అది ఎల్లేష్ చెవికి పాతికేళ్లుగా తెలిసిన చప్పుడు. ఆ రోజు ఆ చప్పుడు రాలేదు. వెల్డింగ్ రాడ్ పలకకు అంటుకుపోతోంది, పీకితే ఆరిపోతోంది. కరిగిన ఇనుము పలకలోకి దిగకుండా, గోడకు కొట్టిన పిడకలాగా పైపైనే కూర్చుంది. రెండోసారి వేశాడు, అదే తీరు. నాలుగు పైపుల కిందా అదే తీరు.

అతుకు మీద సుత్తెతో ఒక దెబ్బ వేసి చూడందే అతను ఏ గేటునూ షాపు దాటనివ్వడు. ఇప్పుడు చేతిలో సుత్తె లేదు. లేనందుకు లోలోపల కొంచెం హాయిగానే ఉంది. కొడితే తెలిసిపోతుంది కదా.

లోపలి నుంచి గోపయ్య కేకేశాడు: "అయ్యిందారా ఎల్లేషు? నీ చేతి పని ఏనుగు పట్టుకున్నా ఊడది!"

"అయ్యింది పెద్దబాపూ" అన్నాడు ఎల్లేష్.

ఎగుడుదిగుడు అతుకుల మీద లప్పం నింపి, వేలితో నున్నగా రుద్ది, నల్ల రంగు వేశాడు. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. మిషనును సంచిలో దోపుకుని ఇంటికి పోయి తలస్నానం చేశాడు.

పొద్దు గుంకేవేళ వాడంతా గోపయ్య ఇంటి ముందు చేరింది. కొత్త బట్టలు, చేతుల్లో జమ్మి ఆకులు. "బంగారం తీస్కో అన్నా" అంటూ ఆ ఆకునే చేతిలో పెట్టి ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. మత్తయి కూడా వచ్చాడు. అతని ఇల్లు ఆ పక్క సందులోనే. తమ పండుగ కాకపోయినా ఏటా వచ్చి గోపయ్యను పలకరించి పోతాడు. ఎల్లేష్ త్రివేణి వెనక నిలబడ్డాడు. జేబులోని జమ్మి ఆకులు చేతి చెమటకు తడిసిపోయాయి.

ఐదు మెట్ల పైన గోపయ్య కనబడ్డాడు. తెల్ల పంచె, భుజాన కొత్త తువ్వాల. స్టాండును ఎంకమ్మకు ఇచ్చేశాడు.

"చూడుండ్రి! మా ఎల్లేషు పండుగ కూడ చూసుకోకుండ చేసిచ్చిండు" అన్నాడు అందరితో. పైపు మీద చెయ్యి వేశాడు. ఒక కాలు కింది మెట్టు వైపు చాచాడు.

"పట్టుకోకు పెద్దబాపూ!"

ఆ అరుపు తనదేనని ఎల్లేష్‌కు ఒక క్షణం తరువాత గానీ తెలియలేదు. జనాన్ని తోసుకుని పైకి పోయి ఆయన చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగాడు. ఎంకమ్మ గబగబా కుర్చీ తెచ్చింది.

"ఏమైందిరా?" అన్నాడు గోపయ్య, ఆయాసపడుతూ.

"అతుకు పట్టలే పెద్దబాపూ. నువ్వు బరువేస్తే ఊడొస్తది."

"నీకెట్ల తెల్సు?"

"అతికేటప్పుడే తెల్సు."

ఎంకమ్మ అతని ముఖంలోకి చూసింది. "తెలిసే రంగేసినవా?" అంది.

ఎల్లేష్ తల ఎత్తలేకపోయాడు. ఆ అడిగిన మాటకు అవును అనడం కంటే మెట్ల మీది నుంచి తనే పడిపోవడం నయమనిపించింది.

"అవ్ పెద్దమ్మా" అన్నాడు.

గోపయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "కొట్టి చూపియ్యి" అన్నాడు.

సుత్తె మత్తయి స్కూటీ డబ్బాలో దొరికింది. ఎల్లేష్ మొదటి పైపు కింద ఒక్క దెబ్బ వేశాడు. లప్పం పొడిపొడిగా రాలింది. పైపు పక్కకు ఒరిగింది. "రెండోది" అన్నాడు గోపయ్య. అదీ ఊడింది. "తతిమ్మయి గూడ." నాలుగూ ఊడేదాకా ఆయన కదలలేదు. తరువాత చేపల ధర అడిగినంత మామూలుగా అడిగాడు: "మళ్లోపారి పడితే నేను లేస్తుంటినా ఎల్లేషు?"

తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

కింద నిలబడ్డ వాళ్లలో సతీశ్ అనే అతను మెట్ల పక్కనున్న పైపుల వంక చూసి అడిగాడు: "దేనితోని అతికినవే ఎల్లేషన్నా? నీ పెద్దది ఇక్కడికి రాదు గద?"

"చిన్నదానితోని" అన్నాడు ఎల్లేష్.

"ఓహో, డబ్బా నీ కాడ గూడ ఉన్నదా! ఏం కూర అన్నా?"

ఇద్దరు ముగ్గురు పకపకా నవ్వారు. మత్తయి నవ్వలేదు. కింద మోకాళ్ల మీద కూర్చుని ఊడిన అతుకును వేలితో తడిమాడు.

"తుప్పు గీకలే. కరెంటు ఏడికెల్లి తెచ్చినవ్?"

"వంటింట్లకెల్లి. సన్న వైరు, చుట్ట విప్పలే."

"సన్న వైరు చుట్ట విప్పకుంటే కరెంటు సరిగ అందక చిన్నదేంది, నీ పెద్దది గూడ దగ్గుతది అన్నా. మిషనుది తప్పు లేదు." కొంచెం ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "దేనితోని చేసినా సుత్తె దెబ్బ వెయ్యాలె గద. నాకు గది నేర్పింది నువ్వే."

ఎల్లేష్ లేచాడు. "ఇంటికి పోయి గ్రైండరు తెస్త. ఇప్పుడే మంచిగ చేస్త పెద్దమ్మా."

"మత్తయి చెయ్యనీ" అంది ఎంకమ్మ. కోపంగా అనలేదు. అతని వైపు చూడకుండా అంది.

మత్తయి తన మిషను తెచ్చాడు. మందపాటి వైరును మీటరు దగ్గరి నుంచి నిడుపుగా పరిచాడు. మండపం వాళ్లను బతిమాలి కాసేపు పెద్ద లైట్లు ఆర్పించాడు. పలకలను తెల్లగా మెరిసేదాకా గీకాడు. ఎల్లేష్ కొత్త చొక్కాతోనే మెట్ల మీద కూర్చుని పైపులు నిలువుగా పట్టుకున్నాడు. ఒకప్పుడు అతని పక్కన మత్తయి అట్లా పట్టుకునేవాడు. వాడంతా జమ్మి ఆకులు పట్టుకుని చూస్తోంది. నూనెలో బజ్జీలు వేగినట్టు చప్పుడు వచ్చింది. అంత చిన్న డబ్బాలో నుంచి ఆ చప్పుడు వింటుంటే ఎల్లేష్ కళ్లు మండాయి. వెలుగుకు మండాయని అనుకున్నాడు.

చివరి పైపు అయ్యాక మత్తయి సుత్తె అతని చేతికిచ్చాడు. "కొట్టు అన్నా." ఎల్లేష్ నాలుగింటినీ బలం కొద్దీ కొట్టాడు. ఒక్కటీ కదలలేదు.

వేడి చల్లారాక గోపయ్య లేచాడు. కుడిచేత్తో పైపు పట్టుకున్నాడు. ఒక్కో మెట్టూ దిగాడు. ఐదు మెట్లూ తన కాళ్ల మీదే దిగాడు. అందరూ సంబరంగా కేకలు వేశారు. కానీ ఎల్లేష్ చూస్తున్నది వేరు. ఎంకమ్మ ఆ దిగినంతసేపూ భర్త ఎడమ రెట్టను రెండు చేతులతో పట్టుకునే ఉంది. తను మాత్రం పైపు వైపు చెయ్యి కూడా చాచలేదు, గోడకు ఆనుకునే దిగింది.

వంతు వచ్చినప్పుడు ఎల్లేష్ వంగి గోపయ్య పాదాలకు మొక్కి, చెమటకు నలిగిన జమ్మి ఆకులు చేతిలో పెట్టాడు. ఆయన తీసుకున్నాడు. నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఏటా అనే "సల్లగుండు బిడ్డా" అన్న మాట కొంచెం ఆలస్యంగా వచ్చింది.

ఇంటికి వచ్చాక ఎల్లేష్ గోనెసంచి తీసి మడిచి, చిన్న మిషనును షాపు ముందర, రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడేటట్టు, పెద్దదాని పక్కన పెట్టాడు. త్రివేణి కుంకుమ గిన్నె తెచ్చింది.

"ఇప్పుడన్న పెట్టనా?"

"ఇయ్యాల వద్దు."

"దేవుడు వద్దంటడా?"

"దేవుడనడు" అన్నాడు ఎల్లేష్. "పెద్దమ్మ ఆ పైపు పట్టుకొని దిగినాడు పెడుదాం."

త్రివేణి గిన్నె మూత పెట్టింది. మరునాటి నుంచి ఎల్లేష్ పనికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ వాడ మీదుగానే పోతున్నాడు. ఎంకమ్మ ఇంకా గోడ పక్కనుంచే దిగుతోంది.