గేజా పుస్తకంలో మూడు పేర్లు

క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ నడుమ మూడు రోజులు మేం కొండెక్కేవాళ్లం. వెందెలీన్, లూద్కా, నేను. బడిలో ఒకే బెంచీ మాది. తాత్రా కొండల అడవుల్లో మోకాలి లోతు మంచు తొక్కుకుంటూ తిరగడం, సాయంత్రానికి గేజా సత్రం చేరడం. ఇరవై రెండేళ్లలో ఒక్క ఏడూ తప్పలేదు.

సత్రం గుమ్మం దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. బయటికి వెళ్లే ప్రతివాడూ అందులో పేరూ దారీ రాయాలి. తిరిగొచ్చాక కొట్టేయాలి. సరిగ్గా ఐదింటికి సత్రం యజమాని గేజా పుస్తకం చూస్తాడు. కొట్టేయని పేరు ఒక్కటి కనపడినా రక్షణ దళానికి ఫోను చేస్తాడు. మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు ఈ సంగతి. కాలు విరిగితే కదలకు, మంచు తవ్వుకుని కూర్చో, ఐదు దాటాక నీకోసం వస్తారు.

రెండేళ్ల కిందట వెందెలీన్ పేరు కొట్టేయడం మరిచిపోయి, పైన మంచమెక్కి గుర్రుపెట్టాడు. పన్నెండు మంది కుక్కలతో అడవంతా గాలించారు. గేజా మా ముగ్గుర్నీ నిలబెట్టి కడిగేశాడు.

"ఇకనుంచి ముగ్గురి పేర్లూ నేనే కొట్టేస్తాలెండి," అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పోయిన డిసెంబరులో, మూడున్నర వేళ, చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి సత్రం పొగ కనపడింది. ఇంకో ఇరవై నిమిషాల నడక. వెందెలీన్ ఆగాడు. బూటు కింది ఇనుప పళ్ల పట్టీ ఊడింది.

"మీరు పదండ్రా. నాకో గిన్నె క్యాబేజీ సూపు చెప్పండి. సాసేజీ ముక్కలు ఎక్కువెయ్యమనండి."

"నువ్వొచ్చేసరికి అందులో క్యాబేజీ మళ్లీ మొలకెత్తుద్దిరా," అంది లూద్కా.

"మంచిదేగా, తాజాది తింటా."

అదే వాడి ఆఖరి మాట.

సత్రంలోకి అడుగు పెట్టేసరికి నా వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. పొయ్యి వేడి, పుల్ల క్యాబేజీ సూపు వాసన. పెన్ను తీసి నా పేరు కొట్టేశాను, లూద్కాది కొట్టేశాను. వెందెలీన్‌ది కూడా కొట్టేశాను. వెనకే వస్తున్నాడుగా, కూర్చున్నాక మళ్లీ లేవడం ఎందుకని. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఏడాదిగా వెతుకుతున్నాను. దొరకలేదు.

టీలో రమ్ము పోసుకున్నాం. వాడు కనపడకపోతే, అలవాటు ప్రకారం వెనక మెట్ల మీదుగా పైకి పోయి సాక్సులు ఆరేసుకుంటున్నాడనుకున్నాం. ఐదింటికి గేజా పుస్తకం చూసి, "అందరూ వచ్చేశారు," అని మూసేశాడు. నేను తల కూడా ఊపాను.

ఆరున్నరకు లూద్కా సూపు పట్టుకుని పైకెళ్లింది. ఆ గిన్నెతోనే దిగివచ్చింది.

"పైన లేడురా."

రక్షణ దళం తొమ్మిదింటికి వాణ్ని కనిపెట్టింది. ఆ మలుపు కిందే, ఫోను పలకని లోయలో. తొడ ఎముక విరిగింది. మంచు తవ్వుకుని, అందులో వీపు ఆనించి కూర్చున్నాడు, చిన్నప్పుడు మాకు నేర్పినట్టే. ఎడమ చేతి గ్లవుజు తీసేసి ఉంది. గడియారం కనపడేలా కోటు చెయ్యి పైకి మడిచి ఉంది.

ఎనిమిది దాకా ప్రాణం ఉండి ఉంటుందన్నాడు డాక్టరు. అంటే ఐదు దాటడం వాడు చూశాడు. ఆరూ చూశాడు, ఏడూ చూశాడు. మా మీద నమ్మకంతో కదలకుండా కూర్చున్నాడు. నేనే చంపాను వాణ్ని, ఒక్క గీతతో.

ఈ ఏడు నేను రానన్నాను. "వాడు పోయినచోట ఒక దీపం పెట్టొద్దాం, పద," అని లూద్కా లాక్కొచ్చింది. ఇన్నాళ్లలో తను నన్ను పల్లెత్తు మాట అనలేదు.

పొద్దున్నే గుమ్మం దగ్గర ఆగాం. గేజా పుస్తకం తెరిచి పెట్టి, నా మొహం చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయాడు. లూద్కా తన పేరు రాసింది. దాని కింద నా పేరు రాశాను. మూడో పేరు రాయడానికి చెయ్యి దానంతటదే కిందికి పోయింది. లూద్కా నా చేతిలోంచి పెన్ను మెల్లగా తీసుకుంది.

"ఇమ్రో, నా పేరు నేనే కొట్టేసుకుంటా. నువ్వు ముట్టుకోకు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. పెన్ను కోటు జేబులో వేసుకుని, దీపం చేత్తో పట్టుకుని తలుపు తీసింది.

సరేనన్నాను.