చపాతీ పిండి ఎంచిన బిట్టు

అక్షరదోషాలుంటే మన్నించండి. అరవై దాటాక పలక పట్టాను. నా రాత నత్తనడక. అయినా ఇది నా కథ కాదు, మా వంటింట్లో ఉన్న ఒక ఇనుప ముక్కది. అది చెబుతుంది, నేను రాస్తాను.

నేను ఒక రూటర్ బిట్టుని. బొటనవేలంత ఉంటాను. రూటరనే వడ్రంగి మెషీన్‌కి బిగించి తిప్పితే చెక్క అంచుని ఒంపులు ఒంపులుగా చెక్కుతాను. ఎక్కడ పుట్టానో తెలీదు. ఊహ తెలిసేసరికి పాలకొల్లులో ఒక హార్డ్‌వేర్ షాపు గోడకి వేలాడుతున్నాను. మనుషులు మమ్మల్ని చూసి, మేం ఎలా ఉంటే చెక్క అలా తయారవుతుందనుకుంటారు. నిజానికి నాకు పొట్ట ఉన్నచోట చెక్కకి గుంట పడుతుంది. ఈ సంగతి మేం చెప్పం. మమ్మల్ని ఎవరూ అడగరు కూడా.

ఒకరోజు వీరభద్రాచారి వచ్చాడు. నలభై ఏళ్లు ఉలి పట్టిన వడ్రంగి. చేతులు వణకడం మొదలయ్యాక ఉలి పక్కన పెట్టి కొత్తగా మెషీన్ కొన్నాడు. ఇదీ కుదరకపోతే ఇక అరుగు మీద కూర్చోవడమే. మొదటి పని ఒక పాత ఇంటి ద్వారబంధం. చెద తిన్న ముక్క తీసేసి, అంచు డిజైను కలిసిపోయేలా కొత్తది అతకాలి. దానికి సరిపడే పాత టేకు ఒక్క ముక్కే దొరికింది. అది పాడైతే ఇంకోటి లేదు.

ఆ ఒంపుని ఆయన కాగితం మీద గీసుకొచ్చాడు. గీత కూడా వణికింది. వెనకాలే భార్య అచ్చియ్యమ్మ, అరిటాకులో చపాతీ పిండి ముద్దతో. వచ్చేముందే దాన్ని ద్వారబంధానికి అదిమి అచ్చు తీసింది.

“ఇక్కడే కాలుస్తారా ఏంటి, పిన్నిగారూ?” అన్నాడు షాపతను.

“పెనం ఉంటే ఇయ్యి, కాలుస్తా. లేకపోతే ఈ ముద్దలా ఉండే బిట్టు చూపించు.”

“పరువు తియ్యకే. ద్వారబంధానికి పొట్ట ఉన్నచోట నీ ముద్దకి గుంట పడింది. తిరగబడిందది!” అన్నాడు ఆచారి.

“తిరగబడితేనేం, ద్వారబంధం మీద అతికినట్టు కూర్చుంది. చెక్కేది కూడా అలాగే కూర్చోవాలి కదండీ?”

ముద్ద అచ్చం నాలాగే ఉంది. ఆయన మాత్రం ద్వారబంధంలా కనిపించే పక్క బిట్టుని, నా తమ్ముణ్ణి, తీసుకున్నాడు. ఆవిడ నన్ను సంచిలో వేసుకుంది.

ఇంటికెళ్లి ముందు ఒక పనికిరాని చెక్కపలక మీద తమ్ముణ్ణి తిప్పాడు. పొట్ట రావాల్సిన చోట గుంట! పలకని అటూ ఇటూ తిప్పి చూశాడు, తప్పు దానిదేమో అన్నట్టు. ఆవిడ సంచిలోంచి నన్ను తీసి బిగించాడు. ఈసారి పాత అంచే దిగింది.

“నేను మొదటే అనుకున్నాను,” అన్నాడు.

“అనుకునే ఉంటార్లెండి. టేకు తియ్యండి,” అంది.

ముక్క అతికాక ఆ ఇంటి పెద్దావిడ కళ్లు మూసుకుని అతుకు కోసం వేళ్లతో తడిమింది. దొరకలేదు. ఆచారికి అరుగెక్కే పని తప్పింది. పోయేదాకా మెషీన్ దగ్గరే ఉన్నాడు, నేనూ ఆయన దగ్గరే ఉన్నాను. పిండి ముద్ద ఏమైందంటారా? ఆ పూటే చపాతీ అయింది. “చెక్కపొట్టు తగుల్తోందే,” అంటూనే మొత్తం తినేశాడు.

ఇప్పుడు నాకు పదును పోయింది. పిండి డబ్బా పక్కన ఉంటున్నాను. చపాతీలు చేసినప్పుడల్లా ఆవిడ మొదటి ముద్దలో నన్ను అదుముతుంది. నా గుంటలోకి పిండి పొట్టలా లేస్తుంది. అచ్చం ఆ ద్వారబంధం అంచే. కాసేపు చూసుకుంటుంది. తరవాత అప్పడాల కర్రతో ఒత్తేస్తుంది. ఆకలేస్తుంది కదా మరి.

లక్కోజు అచ్చియ్యమ్మ,
డెబ్బై ఒక్క ఏళ్లు,
పాలకొల్లులో, ఆచారిగారి పనిపాక పక్క గదిలో ఉంటున్నాను.