వదిన ముఖం మీద నేర్చిన పని

సపన బ్యూటీషియన్ కోర్సు చదివిన ఆరు నెలలూ, సాయంత్రం వంట మొదలుపెట్టే ముందు వాళ్ల వదిన మంగళ ముఖం కడుక్కుని చాప మీద పడుకునేది. ఆ రోజు క్లాసులో నేర్పినదంతా సపన ఆమె ముఖం మీద చేసి చూసుకునేది. వేళ్లు గడ్డం దగ్గర మొదలుపెట్టి చెవుల వైపు ఎలా జరపాలో, కళ్ల కింద ఎంత తేలిగ్గా తాకాలో, ఆవిరి పట్టాక తుడిచే గుడ్డ ఎంత తడిగా ఉండాలో అన్నీ ఆ ముఖం మీదే అలవాటయ్యాయి. మంగళకు ఒక్కోసారి మధ్యలోనే నిద్ర పట్టేది.

"నీ చేతులల్ల ఏమున్నదో గాని పిల్లా, పానం హాయిగ ఐతది," అనేది లేచి.

ఒళ్లమ్ముకునే ఆడవాళ్ల పేటగా పేరుపడ్డ కామాటిపురలో, పదకొండో గల్లీలో, చాల్ అనే వరుస గదుల పాత బిల్డింగు రెండో అంతస్తులో వాళ్లది ఒకటే గది. సపన తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి బొంబాయి వచ్చినవాడు. తండ్రి ముత్తయ్య జీవితమంతా మేస్త్రీ పని చేసి, దగ్గు ముదిరాక మానేశాడు. అన్న నరేష్ టైల్స్ వేస్తాడు. తల్లి సపన ఎనిమిదో తరగతిలో ఉండగానే పోయింది. నాలుగేళ్ల కిందట పాలమూరు వైపు పల్లె నుంచి మంగళ కోడలిగా వచ్చాకే ఆ గదిలో మళ్లీ మాటలు వినపడ్డాయి. పన్నెండో తరగతి తర్వాత ఏం చెయ్యాలో తెలియక కూర్చున్న సపనను కోర్సులో చేర్పించమని పట్టుబట్టింది కూడా ఆమే.

"మన గల్లీ పేరు చెప్తేనే లోకం ఇంకో తీరుగ చూస్తది. అందుల పార్లర్ పనా?" అన్నాడు నరేష్.

"చూసేటోళ్లు చూడనీ. చేతిల పని ఉంటె ఆమె బతుకు ఆమె బతుకుతది," అంది మంగళ.

కోర్సు అయిపోయింది. సర్టిఫికెట్ వచ్చింది. ఉద్యోగమే రాలేదు. వర్లిలో ఒక పెద్ద సెలూన్ మేనేజర్‌కు సపన చేతి పని నచ్చింది. సోమవారం నుంచి రమ్మనే దాకా వచ్చి, ఆధార్ కార్డు తిప్పి చూసింది.

"కామాటిపురాలో ఉంటావా?" అని హిందీలో అడిగింది.

"అవును మేడమ్. మా తాతల నాటి నుంచి."

"సరే. ఫోన్ చేస్తాం."

ఆ ఫోన్ రాలేదు. తర్వాత నుంచి ఎక్కడుంటావని అడిగినచోటల్లా సపన ముంబై సెంట్రల్ అని చెప్పడం మొదలుపెట్టింది. అయినా ఎక్కడో ఒకచోట కార్డు చూపించాల్సి వచ్చేది. అలా నాలుగు నెలలు తిరిగింది. ఇంటికి వచ్చేసరికి మంగళ ఏమీ అడిగేది కాదు. ముఖం చూసి తెలుసుకుని, చాయ్ పెట్టేది.

చివరికి లోయర్ పరేల్‌లో ఒక చిన్న సెలూన్ వాళ్లు ట్రయల్‌కు పిలిచారు. ఫేషియల్ చేయించి చూశారు, బాగుందన్నారు. "పీల్ వచ్చా?" అని అడిగారు. పీల్ అంటే ముఖానికి పూసే ఆమ్లం. చర్మం పైపొరను అది కరిగిస్తుంది. గడియారం పెట్టుకుని, సమయం కాగానే తీసెయ్యాలి. సపన క్లాసులో రెండుసార్లు చూసిందే గాని తన చేత్తో చేయలేదు. అయినా వచ్చనే చెప్పింది. శుక్రవారం వచ్చి చేసి చూపించమన్నారు.

గురువారం మధ్యాహ్నం మందు సీసా, బ్రష్షు తెచ్చుకుంది. ముత్తయ్య కింద పాన్ దుకాణం దగ్గర ముసలివాళ్లతో కూర్చున్నాడు. నరేష్ పనికి పోయాడు. మంగళ చెంపల మీద అప్పటికే కొద్దిగా మంగు ఉంది.

"దీంతోని నా మంగు పోతదా?" అంది చాప మీద వాలుతూ.

"పలచబడతది వదినా. కొంచెం చురుక్కుమంటది, ఓర్చుకో."

ముందు కుడి చెంపకు పూసి, ఫోన్‌లో రెండు నిమిషాలకు అలారం పెట్టింది. ఇంకా నిమిషం కూడా కాలేదు, అదే ఫోన్ మోగింది. తెలియని నంబరు. గదిలో సిగ్నల్ సరిగా ఉండదు. "ఒక్క నిమిషం వదినా," అంటూ సపన వరండాలోకి పరిగెత్తింది.

రెండు వారాల కిందట ఇంటర్వ్యూ ఇచ్చిన అంధేరీ సెలూన్ నుంచి ఫోన్. యజమానురాలే మాట్లాడుతోంది. ఎన్నింటికి రాగలవు, ఆదివారాలు చేస్తావా, మరాఠీ వచ్చా, ఇంతకుముందు ఎక్కడ చేశావు అని ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. సపన అన్నిటికీ వరుసగా జవాబు చెప్పింది. కామాటిపుర పేరు ఎప్పుడు వస్తుందా అన్న భయంలో ఆమెకు ఇంకేదీ గుర్తు లేదు, మధ్యలో మోగిన అలారం కూడా చెవికెక్కలేదు. ఆ పేరు రాలేదు. సోమవారం పదింటికి వచ్చెయ్యమంది యజమానురాలు.

"వదినా, దొరికింది!" అని అరుస్తూ లోపలికి వచ్చింది.

మంగళ చాప అంచును రెండు పిడికిళ్లతో పట్టుకుని ఉంది. కళ్ల కొసల నుంచి కారిన నీళ్లు చెవుల్లోకి పోతున్నాయి. పళ్లు బిగించి ఉంది. కుడి చెంప మీద పిండి అద్దినట్టు తెల్లటి పొర, చుట్టూ ఎర్రగా.

సపన బిందెలో నీళ్లు తెచ్చి గుమ్మరించింది. మళ్లీ మళ్లీ కడిగింది.

"పిలవకపోతివా వదినా! నువ్వే తుడుసుకోకపోతివా!"

"ఎట్ల తుడువాల్నో నాకేం తెలుసు?" అంది మంగళ మెల్లగా. చెంప కదలకుండా మాట్లాడుతోంది. "ఇన్ని నెలలకు వచ్చిన ఫోను. నేను ఒర్లితే వాళ్లకు ఇనబడదా? ఇప్పుడొస్తవ్ అప్పుడొస్తవ్ అనుకున్న."

సాయంత్రం నరేష్ వచ్చే వేళకు మంగళ లేచి పొయ్యి మీద మూకుడు పెట్టింది. నాలుగు పూరీలు కూడా వేయించింది. అతను గుమ్మంలో ఆగి "ఏమైంది?" అనగానే, "నూనె ఎగిరింది," అంది. సపన నోరు తెరవబోయింది. మంగళ ఆమె కేసి చూసిన చూపుకు ఆగిపోయింది.

"చెప్తే మీ అన్న నిన్ను ఆ పనికే పోనియ్యడు," అంది తర్వాత, ఇద్దరూ నీళ్ల కుళాయి దగ్గర ఉన్నప్పుడు. "నాదేమున్నది, మానిపోతది. సోమారం నువ్వు పో."

మంగళ ముఖానికి సర్కారు దవాఖానాలో లేపనం ఇచ్చారు. పుండు ఆరు వారాలకు మానింది. కానీ చెంప ఎముక నుంచి దవడ దాకా, మూడు వేళ్ల వెడల్పున నల్లటి మచ్చ మిగిలిపోయింది.

అంతకుముందు గల్లీలో బతుకమ్మ ఆడినప్పుడు మంగళే పాట ఎత్తుకునేది. బొంబాయిలో పుట్టిన ఆడపిల్లలకు సగం పాటలు రావు, ఆమె చెప్తే వాళ్లు అందుకునేవాళ్లు. ఆ ఏడాది ఆమె కిందికి దిగలేదు. ఒంట్లో బాగాలేదంది. మరుసటి ఏడు ఎవరూ పిలవలేదు. నరేష్ చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తిట్టలేదు. పెళ్లిళ్లకు మాత్రం ఒక్కడే పోయి రావడం అలవాటు చేసుకున్నాడు. ఇంటికి ఎవరైనా వస్తే, వాళ్లు అడక్కముందే తానే అనేవాడు: "పూరీలు చెయ్యమంటె మా మేడమ్ ముఖం ఏంచుకున్నది." వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. మంగళ కూడా నవ్వేది. సపన లేచి వరండాలోకి వెళ్లిపోయేది.

అంధేరీలో సపన పని నిలబడింది. మొదట తువ్వాళ్లు ఉతికింది, తర్వాత త్రెడింగ్, ఆ తర్వాత ఫేషియల్స్. రెండేళ్లకు పేరు చెప్పి అడిగే కస్టమర్లు ఏర్పడ్డారు. పీల్ చేసేటప్పుడు ఫోన్ దగ్గర ఉండనిచ్చేది కాదు, మనిషి పక్క నుంచి కదిలేది కాదు. ఆమె అంత జాగ్రత్త మనిషి అని యజమానురాలు అందరికీ చెప్పుకునేది. మచ్చలకు మంచి క్రీములు ఏవో తెలుసుకుని వదినకు తెచ్చింది. మంగళ కొన్నాళ్లు పూసుకుని మానేసింది. సెలవు రోజున, "పడుకో వదినా, నేను చూస్త," అని సపన చాప పరిస్తే, "బట్టలున్నయ్," అని లేచిపోయేది. మళ్లీ ఎప్పుడూ ఆమె చేతి కింద పడుకోలేదు.

నాలుగేళ్లకు ఆ సెలూన్ చేతులు మారింది. కొత్తవాళ్లకు చర్మం చూసేవాళ్లు అక్కర్లేదు, ప్యాకేజీలు అంటగట్టేవాళ్లు కావాలి. సపన మానేసి, పెద్ద సంచి ఒకటి, మడత మంచం ఒకటి మోసుకుంటూ ఇళ్లకు వెళ్లి పని చేసింది. కొన్ని బిల్డింగుల్లో వాచ్‌మన్ ఆమెను సామాన్ల లిఫ్టులో పొమ్మనేవాడు. ఏడాది అలా తిరిగాక చాల్‌కు దగ్గర్లోనే ఫోరస్ రోడ్‌లో చిన్న దుకాణం అద్దెకు దొరికింది. ఒక కుర్చీ, ఒక మంచం, మధ్యలో పరదా పట్టేంత చోటు.

టైల్స్ నరేష్ వేశాడు. పని ముగించుకుని వచ్చి, రెండు వారాలు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే పరిచాడు. "నా చెల్లె దుకాణం. ఒక్క టైలు వంకరున్నా పీకేస్త," అన్నాడు. దుకాణానికి మంగళ పేరు పెడతానంది సపన. "నా పేరొద్దు," అంది మంగళ, అంతే. చివరికి 'సపన బ్యూటీ కేర్' అని బోర్డు రాయించారు.

తెరిచిన రోజు ఉదయం చాల్ నుంచి ఆడవాళ్లు వచ్చారు. ముత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి కొబ్బరికాయ కొట్టించారు. అంధేరీలో కలిసి పనిచేసిన సాక్షి స్వీట్లు తెచ్చింది. చర్మం చూసే పని కదా, ఆమె కళ్లు మంగళ చెంప మీద ఆగాయి.

"వదినా, ఇది ఎలా అయింది?" అని మరాఠీలో అడిగింది.

నరేష్ నవ్వుతూ అందుకున్నాడు. "పూరీలు చెయ్యమంటె..."

మంగళ పెదవుల మీద ఆ పాత నవ్వు మొదలైంది. కొంగు చెంప మీదికి లాక్కుంది. అది చూసి సపన ఉండబట్టలేకపోయింది.

"నూనె కాదన్నా. నేను కాల్చిన. పీల్ పెట్టి ఫోన్ ఎత్తుకొని బయటికి పోయిన. నాకు కొలువు రావాలని ఆమె నోరు తెరువలేదు."

నరేష్ ముందు చెల్లెలిని, తర్వాత భార్యను చూశాడు.

"నిజమా?"

మంగళ తల దించుకుంది.

"ఐదేండ్లు ఇద్దరు కలిసి నన్ను పిచ్చోన్ని చేసిన్రు," అన్నాడు. తాను వేసిన టైల్స్ మీద చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

అందరూ మెల్లగా జారుకున్నారు. సాక్షి ముత్తయ్యను చాల్ దాకా నడిపించుకుపోయింది. దుకాణంలో ఇద్దరే మిగిలారు. వదిన దగ్గరికి తీసుకుంటుందని సపన అనుకుంది. మంగళ గోడ వైపు చూస్తూ అడిగింది.

"ఎందుకు చెప్పినవ్?"

"ఇగ మొయ్యలేకపోయిన వదినా."

"మోసింది నేను. నువ్వు దించుకున్నవ్. అది ఎవరి నెత్తిన పడ్డదో చూసినవా?" ఆమె గొంతు పెరగలేదు. "నన్ను చూసి నవ్విన నవ్వులన్నీ ఇప్పుడు ఆయనకు యాదికొస్తయ్. నా ముఖం చూసినప్పుడల్లా సిగ్గుపడతడు, లేకపోతే కోపమొస్తది. నేను ఒర్లకుండ ఓర్చుకొని ఒక్క పని చేసిన నా బతుకుల. అది నాకు నాదిగ ఉండె. దాన్ని గూడ నలుగుట్ల పెట్టినవ్."

సపన ఆమె చెయ్యి పట్టుకోబోయింది. మంగళ చెయ్యి వెనక్కి తీసుకుని చాల్‌కు వెళ్లిపోయింది.

రెండు నెలలకు నరేష్ ధారావిలో గది చూసుకున్నాడు. పనికి దగ్గరని చెప్పాడు. ముత్తయ్య రానన్నాడు, సపన దగ్గరే ఉండిపోయాడు. వెళ్లే రోజు మంగళ మామగారి మందులు ఏవి ఎప్పుడు వెయ్యాలో సపనకు ఒక్కొక్కటీ చూపించి చెప్పింది.

దుకాణం నడిచింది. చాల్ ఆడవాళ్లు వచ్చారు, దగ్గరి ఆసుపత్రుల నర్సులు వచ్చారు, పక్క గల్లీల్లో పేరు చెప్పడానికి లోకం సిగ్గుపడే ఆడవాళ్లు మధ్యాహ్నాలు వచ్చి పడుకుని కళ్లు మూసుకున్నారు. ఎక్కడుంటావని సపన ఎవరినీ అడగలేదు. పీల్ అడిగితే మాత్రం చెయ్యనని చెప్పి, డాక్టరు దగ్గరికి పంపేది. రెండో ఏడు మనాలి అనే అమ్మాయిని పనికి పెట్టుకుంది.

ఆ వానాకాలం ముత్తయ్య పోయాడు. నరేష్, మంగళ వచ్చారు. పదకొండు రోజులూ మంగళ ఇంటి కోడలిగా అన్నీ దగ్గరుండి చేసింది. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ వండారు.

"దుకాణం మంచిగ నడుస్తుందా?" అని ఒకసారి అడిగింది.

"నడుస్తుంది. ఒకపారి రా వదినా."

"చూస్తలే," అంది మంగళ బియ్యం కడుగుతూ. రాలేదు.

చలికాలంలో ఒక మంగళవారం సపన దుకాణాన్ని మనాలికి అప్పగించి, చీర ఒకటి కొని ధారావి వెళ్లింది. అడుగుతూ అడుగుతూ గల్లీ పట్టుకుంది. ఒక గుమ్మం ముందు నలుగురు ఆడవాళ్లు ముందర వేసుకున్న సంచులకు జిప్పులు కుడుతున్నారు. వాళ్లలో మంగళ ఉంది. కొంగు నడుముకు దోపుకుంది. చెంప మీద ఎండ పడుతోంది, మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది. పక్కామె ఏదో అంటే తల వెనక్కి వేసి పెద్దగా నవ్వింది. ఆ నవ్వు సపన ఏడేళ్లుగా వినలేదు.

సపన మలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. ఇంకో పదడుగులు వేస్తే వదిన తనను చూస్తుంది. చూసి లేస్తుంది, లోపలికి రమ్మంటుంది, చాయ్ పెడుతుంది. ఆ నవ్వు మాత్రం ఆగిపోతుంది.

పక్కనున్న కిరాణా దుకాణంలో చీర ఇచ్చి, మంగళకు అందజెయ్యమని చెప్పింది. ఎవరిచ్చారని చెప్పాలని దుకాణామె అడిగింది.

"ఆడబిడ్డ అని చెప్పున్రి," అని, వచ్చిన దారినే బస్సు కోసం నడిచింది.