ఇటుక నీడ

గోడకి కన్నం పెట్టింది మీరు. యంత్రం గదిలోకొచ్చే పెద్దమనుషులకి చెమట పడుతోందని ఏసీ పెట్టించింది మీరు. దాని గొట్టం ముందువైపు కనిపిస్తే బిల్డింగు అందం పాడవుతుందని, వెనక గోడలోంచి సీసం ఇటుకలు పీకించి, గాజుసామాన్లు కడిగే గదిలోకి తీయించింది కూడా మీరే. ఆ గదిలో పొద్దస్తమానం ఎవరుంటారో ఒక్కరడిగారా? కడిగేవాళ్ళేగా, ఆడవాళ్ళేగా!

ఈ మాటలన్నీ ఆమె పొద్దున్నే అంట్లు తోముతూ, చేతిలో గిన్నెని నిలదీస్తూ అంది. గిన్నె నోరు మెదపలేదు. హాల్లోంచి అత్తగారే అందుకుంది.

"ఎవరితోనే ఆ మాటలు? పురుగులతో మాట్లాడే అలవాటు ఇంటికీ తెచ్చావా? ఇంట్లో ఒక్క పిల్లనీ ఎత్తుకున్నది లేదు గానీ, అక్కడ లక్షల పురుగుల్ని సాకుతోంది మహాతల్లి."

ల్యాబులో కూడా ఆమె పేరు పురుగులమ్మే. ఆమె పెంచేవి కంటికి కనపడని బ్యాక్టీరియా. రేడియేషన్ తగిలి లోపలి జన్యువు దెబ్బతింటే అవి చప్పున మరమ్మతు మొదలుపెడతాయి. ఆ మరమ్మతు మొదలవగానే పచ్చగా మెరిసేలా ఆమె వాటిని తయారు చేసుకుంది. నీలం లైటు కింద పెడితే ఎంత దెబ్బ తగిలిందో అంత మెరుపు. తగిలిన దెబ్బని దాచుకోకుండా చెప్పేసే ప్రాణులు. ఈ ఇంట్లో అలాంటి ప్రాణి ఒక్కటి లేదు, తనతో సహా.

అవి పెరిగే గాజు పళ్ళేల్లో కొన్నిటిని రేడియేషన్ చిమ్మే యంత్రం కింద పెడుతుంది. పోల్చి చూసుకోడానికి రేడియేషన్ తగలనివి కొన్ని విడిగా ఉండాలి. వాటికో చోటు ఇమ్మంటే డైరెక్టరు, "కడిగే గదిలో అలమర ఖాళీయే కదమ్మా, సర్దుకోండి" అన్నాడు. సర్దుకోవడం ఆమెకి కొత్తా! సర్దుకుంది. చీకటిగా ఉండాల్సిన ఆ పళ్ళేలే పోయిన వారం మెరవడం మొదలుపెట్టాయి.

ముందు తన చేతుల్నే అనుమానించింది. అనుమానించదూ మరి? పెళ్ళయిన కొత్తలో పాలు విరిగితే "నీ చెయ్యి తగిలిందా?" అన్నారు. కుండీలో మొక్క ఎండితే, తలుపు గడియ ఊడితే, ఆయన చొక్కా గుండీ తెగితే, ఆయన బాసు ఆయన్ని తిడితే కూడా, "పొద్దున్నే నువ్వేం మొహం పెట్టుకుని ఎదురొచ్చావో" అన్నాడు మొగుడు నవ్వుతూ. నవ్వుతూ అంటే తిట్టు కాదని ఆయన లెక్క. అలా అనగా అనగా, ఎక్కడ ఏది చెడినా ముందు తన అరచేతులు తిప్పి చూసుకునే అలవాటు పట్టుకుంది. అందుకే చర్మం మండేదాకా చేతులు కడుక్కుని కొత్త పళ్ళేల్లో మళ్ళీ పెంచింది. అవీ మెరిశాయి. పళ్ళేల్ని అటుపక్క గోడకి మార్చింది. మెరవలేదు. గొట్టం వైపుకి మళ్ళీ తెచ్చింది. మెరిశాయి. అప్పుడు మొదటిసారి ఆమె తన చేతుల మీంచి చూపు తీసి గోడ వైపు చూసింది.

ఆ గోడకే వీపు ఆనించి కూర్చుంటుంది చిన్నది. సీసాలు కడిగే ఇద్దరిలో చిన్నది. ఇప్పుడు ఆరో నెల.

"గొట్టం వల్లేమో, ఇక్కడ గోడ చల్లగా ఉంటుందక్కా. నడుం ఆనిస్తే ప్రాణం లేచొస్తుంది."

"అక్కడొద్దు. ఇటొచ్చి కూర్చో."

"ఏం?"

ఏమని చెప్తుంది? యంత్రం గదిలోకి వెళ్ళే మగాళ్ళ జేబులకి రేడియేషన్‌ని కొలిచే బ్యాడ్జీలుంటాయి. కడిగేవాళ్ళకి లేవు. వాళ్ళది రేడియేషన్ పని కాదట. కొలిచే మీటరు డైరెక్టరు బీరువాలో ఉంది, తాళం ఆయన జేబులో.

కడిగే గది తలుపు కొట్టుకోకుండా అడ్డంగా ఓ ఇటుక పెట్టుకుంది ఆ ఇద్దరిలో రెండో ఆమె, పెద్దక్క. "గొట్టం వేసినోళ్ళు వదిలేసి పోయారమ్మా. ఇంత ఇటుక, ఇంత బరువేంటో, దీని దుంప తెగ!" రేడియేషన్‌ని అడ్డుకునే సీసం. ఆ గోడలోంచి పీకిందే. పురుగులమ్మ నిన్న దాన్ని రెండు చేతులా మోసి, గొట్టానికీ ఒక పళ్ళేనికీ మధ్య నిలబెట్టింది, పళ్ళెంలో సగానికే అడ్డం వచ్చేలా. రోజంతా యంత్రం నడిచింది. సాయంత్రం వాళ్ళిద్దరూ ఇంటికెళ్ళాక నీలం లైటు వేసి చూసి, ఆ పళ్ళేనికి మూత పెట్టి భద్రంగా దాచింది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన టీవీ మీంచి కళ్ళు తీయకుండా, "నీకెందుకు? నువ్వేమైనా ఆ గదిలో కూర్చుంటున్నావా?" అన్నాడు.

రాత్రంతా ఆ మాటే నమిలింది. ఇప్పుడు గిన్నె బోర్లించి, చెయ్యి తుడుచుకుని బయల్దేరింది.

ఇవాళ యంత్రం చూడ్డానికి పెద్దలొస్తున్నారు. పదింటికి యంత్రం వెయ్యాలి. డైరెక్టరు తన గదిలో కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు.

"పురుగుల మాట పట్టుకుని యంత్రం ఆపమంటారేంటమ్మా? కంటామినేషన్. మీ చేతి శుభ్రత చూసుకోండి ముందు."

ఆమె కర్టెన్ లాగి, పళ్ళెం ఆయన బల్ల మీద పెట్టి నీలం టార్చి వేసింది. సగం పళ్ళెం పచ్చగా భగ్గుమంది. ఇటుక అడ్డున్న సగం చీకటి. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత.

"నా చేతులు మురికివే అనుకుందాం సార్. ఆ మురికికి ఇటుక అంచు ఎలా తెలిసింది?"

ఆయన లేచి కర్టెన్ తీశాడు. తర్వాత గొంతు మెత్తబరిచాడు. "మీటరు పెట్టి చూద్దాంలే, వాళ్ళు వెళ్ళాక. ఇంట్లో ఏమైనా చికాకా అమ్మా? ఉండండి, మీవారితో ఓ మాట చెప్తాను." ఫోను అందుకున్నాడు.

"చెప్పండి. ఆయనకి నిన్ననే చెప్పాను. ఆయనా మీలాంటివారే."

వచ్చేసింది. కడిగే గదిలోంచి ఇద్దర్నీ లేవదీసి, పెద్దల కోసం ముందు హాల్లో వేసిన మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టింది. "అమ్మో, తిడతారక్కా" అంది చిన్నది. "తిట్టనీ. తిట్టు ఒంట్లోకి దిగదు."

తిరిగెళ్ళి ఇటుక ఎత్తుకొచ్చింది. యంత్రం గది తలుపు పూర్తిగా మూసుకుంటే తప్ప యంత్రం పని చెయ్యదు. ఆ తలుపు సందులో ఇటుక పెట్టి, దాని మీద కూర్చుంది.

పదయింది. పెద్దల్ని వెంటేసుకుని డైరెక్టరు వచ్చాడు. నవ్వు మొహానికి అతికించినట్టుంది.

"ఏంటమ్మా ఇది? లేవండి."

"ముందు మీటరు తీయండి. వీళ్ళందరూ చూస్తుండగా ఆ గోడ దగ్గర పెట్టి కొలవండి. కన్నం మూసేదాకా ఆ గదిలో ఎవరూ అడుగు పెట్టకూడదు. పెద్దక్కకీ చిన్నదానికీ బ్యాడ్జీలివ్వండి. చిన్నదాన్ని ఇవాళే, మీ కారులో, డాక్టరు దగ్గరికి పంపండి."

"అక్కడేమీ లేదని చెప్తున్నానుగా!"

"ఏమీ లేదా? అయితే మీటరు కూడా వద్దు. ఆ గోడ చల్లగా ఉంటుందట సార్. వెళ్ళి వీపు ఆనించి మీరు కూర్చోండి. కూర్చున్నారని తెలిసిన క్షణం నేను లేచి తలుపు మూస్తాను. వెళ్ళండి మరి!"