ఆ తొమ్మిది మందిలో ఒకడు

మార్చి మొదటి శనివారం పొద్దున్నే, ఎప్పుడూ అడుగుపెట్టని ఒక హైస్కూల్ క్యాంటీన్‌లో కాగితం కప్పులో కాఫీ పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది మారెట్. ఆమె కూతురు కద్రికి పదహారేళ్ళు. వాళ్ళ బడి డిబేట్ జట్టులో ఉంది. పోటీకి పిల్లల్ని తెచ్చే ప్రతి బడీ జడ్జీలనీ తెచ్చుకోవాలి కాబట్టి ఆ పని తల్లిదండ్రుల మెడకి చుట్టుకుంటుంది. ఎప్పుడూ భర్త వెస్లీ వెళ్ళేవాడు. ఈసారి అతనికి గిడ్డంగిలో శనివారం షిఫ్టు పడింది.

"నావల్ల కాదే. నేను మాట్లాడే ఇంగ్లీషుకి పిల్లలు నవ్వుతారు," అంది ముందురోజు.

"నువ్వు మాట్లాడక్కర్లేదమ్మా. నోరు మూసుకుని వినే జడ్జీలంటేనే మాకిష్టం," అంది కద్రి.

కొత్త జడ్జీలందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఒక టీచరమ్మ పాఠం చెప్పింది. "మీకు తెలిసిందంతా గుమ్మం బయట వదిలేసి లోపలికెళ్ళండి. పిల్లలు చెప్పని మాట మీ తలలో ఉన్నా లేనట్టే లెక్క. ఒక జట్టు తప్పు చెప్పిందనుకోండి, అవతలి జట్టు దాన్ని పట్టుకోకపోతే అది ఒప్పే. మీరు మాత్రం కల్పించుకోకూడదు."

తర్వాత ఫోన్లకి ఆ రోజు అంశం వచ్చింది. 'అమెరికా తన సైనిక మిత్రదేశాలకిచ్చిన రక్షణ హామీలను తగ్గించుకోవాలి.' అవునని ఒక జట్టు, కాదని ఇంకో జట్టు. ఎవరు ఏ పక్షమో బొమ్మాబొరుసూ వేసి తేల్చుకుంటారు.

మారెట్ దాన్ని రెండుసార్లు చదివింది. ఆమె పుట్టింది ఎస్టోనియాలో. రష్యాకి ఆనుకుని, పదమూడు లక్షల మంది ఉండే దేశం. ఆమె తమ్ముడు రైవో అక్కడి సైన్యంలో ఉండేవాడు. అమెరికాలోని మేరీలాండ్ నుంచి నేషనల్ గార్డ్ సైనికులు శిక్షణకని అక్కడికొచ్చినప్పుడు, వాళ్ళలో ఒకణ్ణి ఆదివారం భోజనానికి ఇంటికి పట్టుకొచ్చాడు. వాడే వెస్లీ. రెండేళ్ళకి మారెట్ అతన్ని పెళ్ళాడి ఇక్కడికొచ్చేసింది. ఆ తర్వాత అమెరికా పిలిచిందని రైవో అఫ్గానిస్తాన్ వెళ్ళాడు. అక్కడి హెల్మండ్‌లో ఒక మట్టిరోడ్డు మీద మందుపాతర పేలి పోయాడు. అప్పటికి కద్రి ఇంకా పుట్టలేదు.

మారెట్‌కిచ్చిన గది జీవశాస్త్రం క్లాసు. ఒక పక్క ఇద్దరబ్బాయిలు, ఇంకో పక్క ఇద్దరమ్మాయిలు. అందరూ పెద్దవాళ్ళ కోట్లు తొడుక్కున్నట్టున్నారు. అబ్బాయిలకి 'అవును' పక్షం వచ్చింది. ముందు ఎలియట్ అనే కుర్రాడు లేచాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, గొంతు మాత్రం రేడియోలా ఉంది.

"జడ్జిగారూ, ఎస్టోనియా అని ఒక దేశముంది. మ్యాపులో చూపించమంటే ఈ గదిలో ఎవరూ చూపించలేరు. అఫ్గానిస్తాన్‌లో మనం రెండువేల నాలుగొందల మందిని పోగొట్టుకున్నాం. వాళ్ళెంతమందినో తెలుసా? తొమ్మిది. తొమ్మిదంటే మైదానంలో దిగే ఒక బేస్‌బాల్ జట్టు. ఒక్క బేస్‌బాల్ జట్టుని పంపినందుకు బదులుగా, రేపు వాళ్ళ కోసం మనం అణుయుద్ధానికి దిగాలా?"

మారెట్ చేతిలో పెన్ను ఆగిపోయింది. రాసుకోవాలి కాబట్టి 'తొమ్మిది' అని రాసుకుంది.

ప్రశ్నల వంతు వచ్చింది. అమ్మాయిల్లో మరైయా అనే పిల్ల లేచి, "తొమ్మిది మందివి కూడా ప్రాణాలే కదా?" అంది.

"ప్రాణాలే. వాళ్ళ కుటుంబాల మీద నాకు జాలి ఉంది. కానీ ప్రభుత్వాలు జాలి మీద నడవవు. అది చిన్న సాయం కాదు, పెద్ద సాయమే అనడానికి నీ దగ్గర ఆధారం ఉందా?"

పిల్ల ల్యాప్‌టాప్‌లో వెతికింది. పక్కపిల్ల కూడా వెతికింది. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి.

జనాభాతో భాగించవే పిల్లా, అనుకుంది మారెట్. పదమూడు లక్షల్లో తొమ్మిది. భాగించి చూడు, మీరు పోగొట్టుకున్నంత మేమూ పోగొట్టుకున్నామని తేలుతుంది. ఒక్క లెక్క. నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించుకుని కూర్చుంది.

ఆ పిల్ల లెక్క చెప్పలేదు. "మాకు సమయం కావాలి," అని కూర్చుంది.

అంతా అయ్యాక పిల్లలు బయటికి వెళ్ళిపోయారు. ఎవరు గెలిచారో ఫోన్‌లో నొక్కాలి. మారెట్ వేలు చాలాసేపు అమ్మాయిల పేర్ల మీదే తచ్చాడింది. ఎవరడుగుతారు? కానీ ఆమె ఆస్పత్రి ల్యాబులో రక్తం పరీక్షించే మనిషి. ఉన్నది ఉన్నట్టు రాయకుండా ఒక్కరోజు ఉండలేదు. అబ్బాయిల పేర్లు నొక్కింది. కారణం అన్నచోట, 'తొమ్మిది మంది గురించి అడిగినదానికి రెండో జట్టు జవాబు చెప్పలేదు,' అని రాసింది. రాశాక లేచి, ఆ గదిలోనే సింకు దగ్గర చేతులు కడుక్కుంది.

వరండాలో ఎలియట్ ఎదురుపడి చెయ్యి చాచాడు. "థాంక్యూ మేడమ్. ఆ బేస్‌బాల్ మాట బాగా తగిలినట్టుంది?"

"తగిలింది. నువ్వే రాశావా?"

"అబ్బే, లేదు మేడమ్. ఎవరి వాదనలు వాళ్ళు అందరికీ కనబడేలా వెబ్‌సైట్లో పెడతాం కదా, అందులోంచి తీశాను. ఈ సీజన్‌లో అందరూ ఇదే వాడుతున్నారు. ఇదిగో, రాసినవాళ్ళ పేరు కూడా ఉంటుంది."

ఫోన్ చూపించాడు. కింద కద్రి ట్రూయిట్ అని ఉంది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో కద్రి పిజ్జా తింటోంది. మారెట్ ఎదురుగా కూర్చుంది.

"బేస్‌బాల్ జట్టు అని రాసింది నువ్వేనా?"

కద్రి కళ్ళు మెరిశాయి. "నీ గదిలో వాడారా? గెలిచారా?"

"గెలిచారు. నేనే గెలిపించాను."

"చూశావా! కోచ్ అదే అన్నాడు, పెద్దవాళ్ళకి కళ్ళకి కట్టేలా చెప్తే..." అంటూనే తల్లి మొహం చూసి ఆగింది. "అమ్మా, అది ఒక పక్షానికి రాసింది. అవతలి పక్షానికీ నేనే రాశాను."

"ఆ తొమ్మిదిలో ఒకడు మీ మేనమామ."

"తెలుసు. అందుకే ఆ అంకె నాకు తట్టింది. ఇంకెవరికి తడుతుంది చెప్పు?" కద్రి గొంతు తగ్గించింది. "ఇక్కడ వద్దమ్మా, ప్లీజ్. అందరూ చూస్తున్నారు."

సాయంత్రం క్వార్టర్ ఫైనల్. కద్రి జట్టుకి 'కాదు' పక్షం పడింది. మిత్రదేశాలని వెనకేసుకు రావాలి. సొంత బడి పిల్లలకి తల్లిదండ్రులు జడ్జీలుగా ఉండకూడదు కాబట్టి మారెట్ చివరి బెంచీలో కూర్చుంది.

కద్రి లేచి నిలబడి, కాగితం చూడకుండా మొదలుపెట్టింది. "ఎస్టోనియా తొమ్మిది మందినే పోగొట్టుకుందని మీకు చెప్పారు. జనాభాతో భాగించండి. మనం ఎంత పోగొట్టుకున్నామో వాళ్ళూ దాదాపు అంతే పోగొట్టుకున్నారు. ఇప్పుడు అంకెలు పక్కన పెడదాం. ఆ తొమ్మిది మందిలో ఒకడి పేరు రైవో. మా అమ్మ తమ్ముడు. దాడి జరిగింది వాళ్ళ దేశం మీద కాదు, మన మీద. మనం పిలిచాం, అతను వచ్చాడు. నేను అతన్ని చూడలేదు. ఇక చూడను కూడా."

చివరి మాట దగ్గర కద్రి గొంతు చిట్లింది. ముగ్గురు జడ్జీల్లో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మారెట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళకి ఆ పేరు ఒక గదిలో గట్టిగా వినబడింది, అదీ కన్నకూతురి నోట.

సరిగ్గా అప్పుడే గడియారం మోగింది. ఇచ్చిన గడువు నాలుగు నిమిషాలు. అర సెకను అటూ ఇటూ లేదు. కద్రి కూర్చుని, పక్కనున్న పిల్లకి బల్ల కింద బొటనవేలు ఎత్తి చూపించింది.

కళ్ళు తుడుచుకుంటున్న మారెట్ చెయ్యి అలాగే ఉండిపోయింది. భాగించాలని దీనికి తెలుసు. ఆ బేస్‌బాల్ మాట రాసిన రోజే తెలుసు.

కద్రి జట్టు గెలిచింది. చివరికి రాష్ట్ర పోటీలకి ఎంపికైంది.

రాత్రి భోజనాల దగ్గర వెస్లీ కూతురి భుజం తట్టాడు. మారెట్ వడ్డన ఆపేసి, పొద్దుటినుంచీ జరిగిందంతా చెప్పింది. వెస్లీ ఫోర్కు కింద పెట్టాడు.

"ఆ బేస్‌బాల్ వాదన తప్పేం కాదుగా," అన్నాడు మెల్లిగా.

"నువ్వా ఈ మాట అనేది? వాడి మంచం నీకిచ్చి వాడు నేల మీద పడుకున్నాడు."

"అందుకే అంటున్నాను. వాడు మా కోసం చచ్చాడు. ఏం మిగిలింది? ఇరవై ఏళ్ళు కొట్టుకుని, వెళ్ళగొట్టినవాళ్ళ చేతికే మళ్ళీ తాళాలిచ్చి వచ్చాం. మన దేశాలు నీకు నేను, నాకు నువ్వు అని ఒప్పందం రాసుకోకపోతే ఈపాటికి వాడు బతికుండేవాడు."

"రాసుకోకపోతే ఈపాటికి మా ఊరే ఉండేది కాదు. సరే, ఒక్కటి చెప్పు. రేపు రష్యావాళ్ళు మా సరిహద్దు దాటితే మీరొస్తారా?"

"ఒకప్పుడైతే వస్తామని కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు నన్నడగకు. ఓట్లేసేవాళ్ళనడుగు."

"నువ్వూ వేశావుగా. ఎవరికేశావో నాకు తెలీదనుకున్నావా?"

వెస్లీ ఫోర్కు మళ్ళీ అందుకున్నాడు. వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూస్తున్న కద్రి, "నాన్నా, ఆ తాళాల మాట మళ్ళీ ఒకసారి చెప్పవా? చాలా బాగుంది," అంటూ ఫోన్ తీసింది.

మారెట్ ఆ ఫోన్ లాక్కుని బల్ల మీద పడేసింది. "నువ్వేం నమ్ముతున్నావే? నీ మనసులో ఏముంది?"

"నాకు తెలీదు!" అని అరిచింది కద్రి. "అదెవరూ అడగరు. నువ్వూ ఎప్పుడూ అడగలేదు. ఆయన గురించి ఈ ఇంట్లో నాకేం చెప్పారు మీరు? ఫోటో వెనక చూసి పేరు తెలుసుకున్నాను. నాకు దొరికింది ఆ అంకె ఒక్కటే, అది కూడా ఇంటర్నెట్లో."

వెస్లీ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మొదట్లో మారెట్ తమ్ముడి మాట ఎత్తినప్పుడల్లా అతను ఇలాగే లేచి వెళ్ళేవాడు. అతన్ని బాధపెట్టడమెందుకని ఆమె ఎత్తడం మానేసింది. మానేసి మానేసి, ఆ పేరే ఇంట్లో లేకుండా పోయింది. మారెట్ గిన్నెలన్నీ తీసి సర్దింది.

పది రోజుల తర్వాత కద్రి వంటింట్లోకొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ముందు, "సారీ అమ్మా," అంది. ఆ మాట నిజంగానే అంది. తర్వాత, "రైవో మామయ్య గురించి ఏదైనా చెప్పవా?" అని అడిగింది.

మారెట్ చేతిలో బంగాళాదుంప అలాగే ఉండిపోయింది. ఎన్నేళ్ళు ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసం! ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుసు. సాగనంపడానికని ఆమె ఎస్టోనియా వెళ్ళినప్పుడు, ఆఖరిసారి విమానాశ్రయంలో వాడికి పన్ను నొప్పి. దవడ వాచిపోయింది. యుద్ధానికి వెళ్తున్నవాడు పళ్ళ డాక్టరంటే భయపడి, లవంగం బుగ్గన పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆమె నవ్వితే, నవ్వకే అక్కా, లాగుతోందని తనూ నవ్వాడు. అదే చివరి నవ్వు.

"ఏదైనా చిన్నది చాలు," అంది కద్రి. "జడ్జీలు కాగితం మీద రాశారు, మామయ్య భాగం బాగుంది కానీ మనిషి కనబడట్లేదని. ఒక్క సొంత విషయం పడితే రాష్ట్ర పోటీల్లో తిరుగుండదన్నాడు కోచ్."

వేళ్ళు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి.

మారెట్ దుంప చెక్కు తీస్తూ, "అకార్డియన్ వాయించేవాడు," అంది.

"నిజంగానా? ఎక్కడ?"

"సముద్రం ఒడ్డున. పొద్దు వాలే వేళకి. ఊరు ఊరంతా వచ్చి వినేది."

కద్రి వేళ్ళు టకటకా కదిలాయి. రైవో జన్మలో అకార్డియన్ ముట్టుకోలేదు. వాడికి పాటంటేనే పడదు.

ఏప్రిల్‌లో రాష్ట్ర పోటీల్లో కద్రి జట్టుకి రెండో బహుమతి వచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, జడ్జీలు రాసింది చదివి వినిపించింది. "'సముద్రం ఒడ్డున అకార్డియన్ వాయించే ఆ యువకుణ్ణి నేను ఎన్నటికీ మరిచిపోలేను.' విన్నావా నాన్నా?"

వెస్లీ తలెత్తి మారెట్ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. శిక్షణ రోజుల్లో రైవోతో నెలరోజులు ఒకే గదిలో ఉన్నవాడు అతను. అతనికి తెలుసు. ఎందుకో కూడా కొంత అర్థమైనట్టే ఉంది.

"అవును," అన్నాడు కూతురితో. "రైవో బాగా వాయించేవాడు."

పదిహేడేళ్ళలో తమ్ముడి పేరు అతని నోట వినడం మారెట్‌కి అదే మొదటిసారి. రొట్టె బుట్ట అతని వైపు జరిపింది. ముగ్గురూ తినడం మొదలుపెట్టారు.