ఎర్మిండా ఇచ్చిన ఆదివారం

"కాస్త మెల్లగా దువ్వండమ్మా, మీకు పుణ్యముంటుంది" అంది ఎర్మిండా.

తల్లి జుట్టు పాయలు తీస్తున్న ఫ్లోర్ ఆల్బా చెయ్యి అక్కడే ఆగిపోయింది. దువ్వండేమిటి, మీకేమిటి? అరవయ్యేళ్ళుగా ఈ తల్లి తనని "నువ్వు" అనే అంది. కోపమొస్తే "ఓసేయ్" అంది. ఆవిడ నోట "మీరు" అనే మాట చర్చి ఫాదరుకీ, డాక్టరుకీ, ఒకప్పటి పనిమనిషి కుస్తోదియాకీ తప్ప ఎవరికీ దక్కలేదు. తూన్హా ఊళ్ళో పాతకాలపు ఇల్లాళ్ళు పనిమనిషిని మన్నించే పిలుస్తారు. మన్నన మన్ననే, దూరం దూరమే. ఫ్లోర్ ఆల్బా ఫాదరూ కాదు, డాక్టరూ కాదు. మరి మిగిలింది ఎవరో ఆమెకి చప్పున అర్థమైంది.

ఇలాంటి రోజొకటి వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఏళ్ళ తరబడి కీళ్ళవాతంతో బతికిన పెద్దవాళ్ళలో ఒళ్ళు శుష్కించడం, మతి తప్పడం చాలాసార్లు జోడుగా వస్తాయనీ, మనిషిని కనిపెట్టుకుని ఉండాలనీ అంది. అప్పుడు తమ్ముడు రెయ్‌నాల్దో పక్కనే కూర్చుని బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చాక "విన్నావుగా అక్కా, కనిపెట్టుకుని ఉండాలిట" అన్నాడు, అదేదో డాక్టరు ఆమె ఒక్కదానికే రాసిచ్చిన మందైనట్టు.

కనిపెట్టుకుని ఉండటమంటే ఏమిటో ఎవరైనా వచ్చి చూస్తే కదా! తూన్హా చలికి తెల్లవారేసరికి ఎర్మిండా వేళ్ళు కొయ్యబారిపోతాయి. గోరువెచ్చని నీళ్ళలో వాటిని నానబెట్టాలి, చిటికెన వేలి వైపు ఒరిగిపోయిన వేళ్ళని ఒక్కొక్కటే తుడవాలి, రవిక గుండీలు పెట్టాలి, భుజాల మీద ఉన్ని రువానా కప్పాలి, చంకల కింద చేతులేసి కుర్చీలోకి చేర్చాలి. మనిషి పక్షిపిల్లంత అయిపోయింది, అయినా లేపుతుంటే నడుం విరుగుతుంది. రొట్టె ముక్కలు చెయ్యాలి, బెల్లం నీళ్ళు కాచాలి, పళ్ళు తోమాలి, పొయ్యి దగ్గరికి వెళ్ళకుండా చూడాలి, "మా ఇంటికి తీసుకెళ్ళు" అని ఏడిస్తే ఇదే మీ ఇల్లని ఒప్పించాలి. వారానికొకసారి వేసే మాత్ర ఒకటుంది, ఆదివారం వెయ్యాలి, మిగతా రోజుల్లో పొరపాటున కూడా వెయ్యకూడదు. ఇవన్నీ చేశాక మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేసి "ఏం చేస్తున్నావక్కా, ఖాళీయేనా?" అంటాడు.

బడి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఉండేది ఆమెకి. అమ్మని ఎవరు చూడాలన్న మాట వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద చర్చేమీ జరగలేదు. "నీకు మొగుడా, పిల్లలా? నీకైతే ఇబ్బంది లేదు" అన్నాడు రెయ్‌నాల్దో. మరదలు నుబియా మరీ తియ్యటి మనిషి. "వదినా, మీ చేతి కోడి సూపు తింటే గానీ మాకు ఆదివారం వచ్చినట్టుండదు" అంటుంది. అందుకే ప్రతి ఆదివారం కుటుంబమంతా దిగుతుంది. సూపులోకి మూడు రకాల బంగాళాదుంపలూ చెక్కు తీసి, కోడి ఉడకబెట్టి, అందరికీ వడ్డించి, అంట్లు తోమేసరికి చీకటి పడుతుంది. వెళ్ళేటప్పుడు తమ్ముడు తల్లి నుదుట ముద్దుపెట్టి "అమ్మని చూస్తే ప్రాణం లేచొస్తుంది" అంటాడు. ఎందుకు లేచిరాదు!

ఇంకో సంగతి ఉంది, అది ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళుగా ఫ్లోర్ ఆల్బా వేళ్ళు కూడా పొద్దున్నే ముడుచుకోవడం లేదు. బంగాళాదుంప తొక్క తీస్తుంటే కత్తి జారుతోంది. ఆసుపత్రికి వెళ్ళాలి, ఒక్క పూట అమ్మ దగ్గర కూర్చోమని తమ్ముణ్ణి అడిగితే, "వయసక్కా, అందరికీ ఉండేదే. నాకు కొట్టుంది, తెలుసుగా" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడిగి లేదనిపించుకోవడం కంటే నొప్పే నయమనిపించింది.

జడ పూర్తిచేసి, తల్లికి బెల్లం నీళ్ళ కప్పు పట్టి, తనూ ఒక కప్పు తెచ్చుకుని ఎదురుగా కూలబడింది.

"మీ పేరేమిటన్నారు?" అంది ఎర్మిండా.

"ఫ్లోర్ ఆల్బా."

"మా అమ్మాయిదీ అదే పేరు!"

"ఎక్కడుంది మీ అమ్మాయి?"

"ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది. ఎప్పుడు చూసినా పనే దానికి. నా దగ్గర ఓ నిమిషం కూర్చోదు."

ఫ్లోర్ ఆల్బాకి ఒళ్ళు మండిపోయింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. రెండిట్లో దేనికీ ఓపిక లేక బెల్లం నీళ్ళు తాగింది.

ఎర్మిండా ఆమెని పరీక్షగా చూసింది. "కప్పు రెండరచేతుల మధ్య పెట్టుకున్నారేం? పిడి పట్టుకోలేకపోతున్నారా?"

"వేడి కోసమమ్మా."

"నాతోనా చెప్తారు! నాకూ ఇలాగే మొదలైంది. తెల్లారితే వేళ్ళు మనవి కానట్టుంటాయి. అవునా కాదా?"

ఫ్లోర్ ఆల్బా కప్పు కింద పెట్టి తన వేళ్ళకేసి చూసుకుంది. ఈ చేతి వంట తిన్నవాళ్ళెవరికీ ఈ చెయ్యి కనిపించలేదు. కన్నకూతురు ఎవరో కూడా గుర్తులేని మనిషికి కనిపించింది.

"ఆదివారం సెలవిస్తున్నారా మీకు?"

"లేదమ్మా."

"ఇదెక్కడి అన్యాయం! వానొచ్చినా వరదొచ్చినా మా కుస్తోదియాకి ఆదివారం ఆమెదే. పొద్దున్నే బూట్లు తుడుచుకుని పైపా బస్సెక్కేది. అక్కడి వేడినీటి బుగ్గలో కాళ్ళూ చేతులూ నానబెట్టుకుని ఆరింటికల్లా వచ్చేసేది."

"మరి మీ సెలవు ఎప్పుడమ్మా?"

ఎర్మిండా ఫక్కున నవ్వింది. "భలేవారే! సెలవు పనిమనిషికి గానీ ఇంటి ఆడదానికెక్కడిది? వాపు చేతులతో ఆ రోజు వంట నేనే చేసేదాన్ని. మీరు అదృష్టవంతులు, ఈ ఇంటి మనిషి కారు. ఏదీ, మీ యజమానురాల్ని పిలవండి, నేను అడుగుతాను."

"యజమానురాలు మీరేనమ్మా."

"నేనా?" ఆవిడ క్షణం తికమకపడి, రువానా సర్దుకుని నిటారుగా కూర్చుంది. "అయితే ఇంకేం, ఇచ్చేశాను. ఈ ఆదివారం నుంచే."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కూతురిగా ఉన్నన్నాళ్ళూ ఏమీ పెట్టని అమ్మ, తను పరాయిదయ్యాక అడక్కుండానే పెట్టింది. ఫ్లోర్ ఆల్బా వంటింట్లోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా ఒక ఉల్లిపాయ కోస్తూ చాలాసేపు ఏడ్చింది.

ఆదివారం రెయ్‌నాల్దో, నుబియా వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది. ఫ్లోర్ ఆల్బా బూట్లు తుడుచుకుని, చేతిసంచీతో నిలబడి ఉంది. తల్లికి గుండీలు పెట్టింది గానీ జడ వెయ్యలేదు.

"ఎక్కడికక్కా?" అన్నాడు తమ్ముడు.

"పైపాకి. ఇవాళ నాకు సెలవు. తెల్ల డబ్బాలో మాత్ర అమ్మకి ఇవాళే వెయ్యాలి, భోజనమయ్యాక. కోడి ఫ్రిజ్‌లో ఉంది."

"అయ్యో వదినా, మరి సూపు?" అంది నుబియా.

"నేర్చుకోవడం కష్టమేం కాదమ్మా."

"సెలవేమిటి? ఎవరిచ్చారు నీకు?" అన్నాడు తమ్ముడు.

"అమ్మ ఇచ్చింది. రేపు ఆసుపత్రికి కూడా వెళ్తున్నా, పొద్దున్నే వచ్చి కూర్చో."

"అమ్మకి మతి లేదక్కా!"

"నా చేతులు చూసే మతి ఈ ఇంట్లో ఆవిడ ఒక్కదానికే ఉందిరా."

ఆమె తలుపు దాటింది. మెట్లు దిగుతుంటే మోకాళ్ళు కలుక్కుమన్నాయి, అయినా ఆగలేదు. వెనకనుంచి తల్లి గొంతు స్పష్టంగా వినిపించింది.

"కొత్తగా చేరారా బాబూ? చేతులు వెచ్చబెట్టుకుని రండి, ముందు నా జడ వెయ్యండి. మెల్లగా! పని ఎలా చేస్తారో చూసి, మీ ఆదివారం సంగతి తర్వాత ఆలోచిద్దాం."