పదకొండేళ్ళు నంబర్లు పంచాను

నేను ఒక సర్వర్‌ని. కోరుట్లలోని ఒక దూరవిద్య సెంటరు ఆఫీసులో, బీరువా పక్కన నేలమీద ఉండేది నా చోటు. హైదరాబాదులో ఒక చిన్న దుకాణంవాడు మూడు పాత కంప్యూటర్ల భాగాలు కలిపి నన్ను తయారుచేశాడు. ఆఫీసులో ఏ కంప్యూటర్ తెరిచినా అది ముందు తన చిరునామాగా ఒక నంబరు అడుగుతుంది. ఆ నంబరు లేనిదే అది పక్క కంప్యూటర్లతో మాట్లాడలేదు, ప్రింటర్‌కు కాగితం పంపలేదు. అది ఇచ్చేదాన్ని నేనే. పదకొండేళ్ళు ఇచ్చాను. మెచ్చుకున్నవాళ్ళు లేరు గానీ, నెట్ రాకపోతే మాత్రం నన్ను కాలితో తన్నేవాళ్ళు.

కిందటి ఏడు హెడ్డాఫీసు అన్ని సెంటర్లనూ తన ఏలుబడిలోకి తెచ్చుకుని, అనుమతి ఉన్న కొత్త సర్వర్‌ని పంపింది. అలాంటి అధికారిక సర్వర్ గొంతు వినబడితే నా అంతట నేనే నోరు మూసుకోవాలని నాలో ఒక నియమం ఉంది. మూసుకున్నాను. కంప్యూటర్లు చూసే రాజేశం నన్ను తీసేయలేదు, మరిచిపోయాడు. ఎనిమిది నెలలు కరెంటు తింటూ ఊరికే కూర్చున్నాను. ఆ కొత్తదాని దర్జా చూస్తే ఒళ్ళు మండిపోయేది.

పరీక్షల రోజొచ్చింది. ఒంటిగంటన్నరకు గంగజల అనే బీడీ కార్మికురాలు ఆయాసపడుతూ వచ్చింది. హాల్ టికెట్ బస్సులో పోగొట్టుకుందట. డిగ్రీకి మిగిలింది ఒక్క పేపరే. ఈసారి తప్పితే గడువు తీరిపోతుంది. పరీక్ష రెండింటికి.

హాల్ టికెట్లు ఒక్క కంప్యూటర్‌లోనే తీయాలని హెడ్డాఫీసు రూలు. రాజేశం దాన్ని తెరిచాడు. అది నంబరు అడిగింది. కొత్త సర్వర్ దగ్గర నంబర్లు అయిపోయాయి!

ఎటు పోయాయంటారా? పరీక్షల డ్యూటీకి వచ్చిన లెక్చరర్లు వైఫై పాస్‌వర్డ్ అడిగారు. రాజేశం మొహమాటస్తుడు. కాదనలేక అందరికీ చెప్పాడు. ఒక్కో ఫోనూ ఒక్కో నంబరు పట్టుకుపోయింది. పక్క గదిలో ఒకాయన ఫోన్లో వంటల వీడియో నడుస్తోంది.

"జర జల్ది చూడున్రి సారూ. గిప్పుడు తప్పితే మల్ల మొదటికెల్లి సదువాల్నట," అంది గంగజల.

నా దగ్గర ఖాళీ నంబర్లు గంపెడున్నాయి. ఇవ్వడానికి లేదు! ఇదేం నియమమని ఎంత తిట్టుకున్నానో.

చివరికి రాజేశానికి నేను గుర్తొచ్చాను. కొత్తదాని వైరు పీకి నన్ను మళ్ళీ నడిపించాడు. "పాతదే మంచిగుండె మేడం," అన్నాడు సూపరింటెండెంట్ జమునతో. నేను పొంగిపోయాను. కంప్యూటర్ అడగ్గానే నా లెక్కలో మొదట కనబడ్డ ఖాళీ నంబరు ఇచ్చేశాను. తెరమీద గంగజల ఫోటో వచ్చింది. అప్పటిదాకా ఆపి ఉన్న ప్రింటర్‌ని వేసి, బటన్ నొక్కారు. కాగితం రాలేదు.

నేనిచ్చింది ప్రింటర్ నంబరు. నేను పనిలేక కూర్చున్న రోజుల్లో దాన్ని ప్రింటర్‌కు శాశ్వతంగా కేటాయించారట. నా లెక్క ఎనిమిది నెలల కిందటిది. ఒకే నంబరుతో రెండూ కొట్టుకుంటున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతసేపూ నియమాన్ని తిట్టుకున్నాను, తీరా ఆమెకు అడ్డం పడింది నేను.

జమున మేడం గడియారం చూశారు. పరీక్షకు పది నిమిషాలే ఉన్నాయి.

"గా డబ్బాలను ఇడిసిపెట్టు రాజేశం," అని తెల్లకాగితం తీసుకున్నారు. తెరమీద ఉన్నదంతా చేత్తో రాసి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర కొట్టారు. "ఎవరన్న అడిగితే నేను చెప్పుకుంట. నువ్వు ఉరుకు బిడ్డా."

గంగజల ఉరికింది. పరీక్ష రాసింది.

వారానికి హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. అనుమతి లేని సర్వర్ నడిపినందుకూ, హాల్ టికెట్ చేత్తో రాసినందుకూ సంజాయిషీ ఇవ్వమన్నారు. తన ఉద్యోగం పోయినట్టేననుకున్నాడు రాజేశం. మేడం అతని పేరు ఎత్తలేదు. రెండూ తానే చేశానని రాసిచ్చారు.

నా తప్పు కూడా ఆవిడే తన మీద వేసుకున్నారు. అది నాదని చెప్పుకోవడానికి, మెమో తర్వాత నన్ను తెచ్చి పడేసిన ఈ పాత సామాన్ల గదిలో నాకు కరెంటైనా లేదు.